ట్రంక్‌కాల్ సీను

ఇషా గొంతు పోయింది. ఫోన్లో స్టేజ్ మేనేజర్ కెల్లీ చెప్పిన ఆ ఒక్క మాటే హైమ బుర్రలో గిర్రున తిరుగుతోంది, ఇషా గొంతు పోయింది, డాక్టర్ వేషం ఇవాళ నువ్వే వెయ్యాలి, పాపం ఇషా అనుకోవాలి, అనుకుంది కూడా, వంటింట్లో రేణు పెసరట్టు తిరగేస్తూ "ఎవరక్కా ఫోను?" అని అడిగేసరికి మొహం నిండా జాలి పెట్టుకుందామనే చూసింది, కుదరలేదు, పెదాలు వాటంతటవే సాగిపోయాయి, యాభై ఐదేళ్ల మనిషి షికాగో శివార్లలో ఆ షామ్‌బర్గ్ ఇంటి వంటింట్లో ఉత్తికాళ్లతో రెండు గంతులు వేసి, అల్లప్పచ్చడి గిన్నెని మోచేత్తో తోసి, పడబోతున్న గిన్నెని పట్టుకుని, "నేనే రేణూ, ఇవాళ నేనే" అంది. రేణు స్టవ్ ఆపేసింది. పిన్ని కూతురు, తనకన్నా చిన్నది, ఆఫీసులో పదిమందిని పరిగెత్తించే మనిషి, ఇంకేమీ అడగలేదు, "షూస్ వేసుకో, నేను డ్రైవ్ చేస్తా" అంది, అట్టు ఒకవైపే కాలి పెనం మీద ఉండిపోయింది.

ఇప్పుడు ఇద్దరూ హైవే మీద ఉన్నారు, హైవే కదలటం లేదు. మార్చిలో ఇదేం మంచు, నిన్ననేగా ఎండ కాసింది, రేణు వాళ్ల పక్కింటాయన నిక్కరు వేసుకుని కారు కడిగాడు, ఇవాళ ఆకాశమూ రోడ్డూ ఒకటే రంగు, ముందు కార్ల ఎర్రదీపాలు తప్ప ఏమీ కనపడటం లేదు. అద్దం మీద వైపర్లు అటూ ఇటూ ఊగుతుంటే ఆ తాళానికి హైమ నోట్లో మాటలు కదులుతున్నాయి, మొదటి సీను మొదటి మాట, గుడ్ మార్నింగ్, నేను కొత్త డాక్టర్ని, అవును, డాక్టర్నే, నర్సుని కాదు. నర్సుని కాదు! ఈ మాట పైకి అనడానికి ఎన్నేళ్లు పట్టింది తల్లీ. ఇంగ్లండ్ టీవీలో ఆసుపత్రి సీరియల్లో ఎన్నేళ్లు నర్సుగా నిలబడింది, పేరు లేని నర్సు, ట్రే పట్టుకున్న నర్సు, డాక్టర్ త్వరగా రండి అని తలుపు దగ్గర అరిచే నర్సు, ఒక్క వారం మాత్రం పేషెంటుగా పైకొచ్చింది, వచ్చిన సీన్లోనే చచ్చిపోయింది, ఆ రాత్రి అమ్మ ఫోన్ చేసి "ఆ డోసు తప్పే, అంత మందిస్తే గుర్రం కూడా బతకదు, మీ వాళ్లతో చెప్పు" అంది. చచ్చిపోయిన కూతురు ఎట్లా చేసిందన్నది ఆవిడకి ముఖ్యం కాదు, డోసు ముఖ్యం. అమ్మ నిజం డాక్టరు మరి. గుంటూరులో చదివి యార్క్‌షైర్‌లో బార్న్‌స్లీ అనే బొగ్గుగనుల ఊరికొచ్చి, కోటు కింద చీర, చీర కింద రెండు జతల మేజోళ్లు వేసుకుని, పిల్లల వార్డంతా తిరిగిన డాక్టరు. ఆ ఊళ్లో పుట్టిన తను ఇవాళ ఇల్లినాయ్ బొగ్గుగనుల ఊళ్లో పనిచేసే తెలుగు డాక్టరు వేషంలో స్టేజి ఎక్కబోతోంది. అదితి రాసిన నాటకం అది. అమెరికాలో పుట్టి, టెక్సాస్‌లో కాపెల్‌లో పెరిగిన ముప్ఫై ఏళ్ల పిల్ల, తను ఎన్నడూ చూడని కాలం గురించి రాసింది, ఎట్లా రాసిందో, ఆడిషన్‌కి వచ్చిన రోజు ఆ కాగితాలు చదువుతుంటే హైమకి అరచేతులు వేడెక్కాయి. ఆ వేషం ఇషాకి పోయింది. ఇషా పేరున్న నటి, న్యాయమే. హైమకి రెండో అంకంలో వచ్చి పెద్దగా మాట్లాడి వెళ్లే ఆంటీ వేషం ఇచ్చారు, దాంతోపాటు డాక్టర్ వేషం కూడా నేర్చుకుని పక్కన ఉండు, ఎప్పుడైనా అవసరం రావచ్చు అన్నారు. నేర్చుకుని పక్కన ఉంది. వచ్చింది అవసరం.

రావడం వచ్చింది కానీ కారు కదలాలి కదా.

"అక్కా, నువ్వు డాష్‌బోర్డ్‌ని అట్లా తోస్తే కారు ముందుకెళ్లదు" అంది రేణు.

చేతులు తీసేసింది. తీసేసిన చేతుల్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. చేతుల్ని ఏం చెయ్యాలో మొదటిసారి కూడా తెలియలేదు, లీడ్స్‌లో ఒక పబ్బు మేడ మీద గదిలో, బీరు ఒలికి చెప్పులు అతుక్కునే నేల మీద, మైకు ముందు నిలబడ్డ రోజు. ఫార్మసీ చదువు సగంలో వదిలేసింది, ఇంట్లో ఇంకా చెప్పలేదు, ముందు వరసలో ఒకడు చిప్స్ తింటూ తలెత్తలేదు, మొదటి జోకుకి ఎవరూ నవ్వలేదు, రెండోదానికీ నవ్వలేదు, మూడోది మర్చిపోయింది, ఏం చెయ్యాలో తోచక మా అమ్మ ఇండియాకి ఫోన్ చేస్తే ఎట్లా ఉంటుందో తెలుసా అని, పిడికిలి చెవికి ఆనించుకుని, హలో అని పైకప్పు అదిరేట్టు అరిచింది. చిప్స్ తినేవాడు తలెత్తాడు. అంతే, అక్కడినుంచి ఇంక ఆగలేదు, ఒకళ్ల తల పైకి లేవడం చూడటానికి ఊళ్లన్నీ తిరిగింది, ఓడల్లో చేసింది, సముద్రం మీద ఓడ ఊగుతుంటే కడుపు పట్టుకున్న ముసలివాళ్ల ముందు చేసింది, ఎడిన్‌బరోలో వేసవి పండగలో బాయిలర్ పక్కన నేలమాళిగలో చేసింది, క్రిస్మస్ నాటకాల్లో ఇద్దరు దూరే ఆవు వేషానికి వెనక సగంగా ఉంది, ముందు సగం తాగొచ్చేవాడు, పిల్లల టీవీలో మాట్లాడే టీ కెటిల్‌గా ఉంది, రేడియోలో పోస్ట్‌మాస్టర్ భార్యగా ఉంది, డిటెక్టివ్ సీరియల్లో శవం పక్కన తెల్లకోటుతో నిలబడి చచ్చి ఎంతసేపయిందో చెప్పింది, వీడియోగేముకి గొంతిచ్చింది, స్టూడియోలో పొద్దుటినించి సాయంత్రం దాకా చచ్చిపోవటమే పని, మంటల్లో పడి ఒక అరుపు, నీళ్లలో పడి ఒక అరుపు, పామాయిల్ డబ్బా మీద పడి ఒకటి, వాళ్ల ఊహలు వాళ్లవి. రెండేళ్ల క్రితం ఒక పెద్ద పిలుపొచ్చింది, లాస్ ఏంజెలస్‌లో టీవీ కామెడీ, హీరో ఇంటి యజమానురాలు, సూట్‌కేసు సర్దుకుని వచ్చేసింది, ఒక్క ఎపిసోడ్ తీశారు, బాగుందన్నారు, ఆపేశారు. వెనక్కి పోదామనుకుంటుంటే షికాగోలో ఈ నాటకం. ఇన్నేళ్లలో ఎంతమందో అయింది. ఒక నాటకంలో మొదటినించి చివరిదాకా, జనం తననే చూస్తూ కూర్చునే మనిషి మాత్రం ఎప్పుడూ కాలేదు. ఇవాళ ఒక్కరోజే. ఆదివారం మ్యాట్నీ. రేపు సెలవు, ఎల్లుండికి ఇషా గొంతు వచ్చేస్తుంది, డాక్టర్ చెప్పిందట.

రోడ్డు మధ్యలోంచి రైలు పోయింది. హైవేకి సరిగ్గా నడుమన, అటు కార్లూ ఇటు కార్లూ కట్టేసినట్టు ఆగి ఉంటే, బ్లూ లైన్ రైలు కిటికీల్లో లైట్లేసుకుని తాపీగా ఊళ్లోకి వెళ్లిపోతోంది, లోపల ఒకామె ఆవులిస్తోంది కూడా.

"రేణూ!"

"చూశానక్కా, చూశాను. మ్యాప్‌లో ముందంతా రెడ్డే. ఈ ఎగ్జిట్‌లో దిగి రోజ్‌మాంట్‌లో పార్క్ చేసేద్దాం. ట్రైన్‌లో పోదాం."

"అందుకుంటామంటావా?"

"అందుకోకపోతే నేను ఊరుకుంటానా? నా జన్మలో ఎవరికీ ఇట్లా డ్రైవర్ డ్యూటీ చెయ్యలా."

ఎగ్జిట్ దాకా పాకారు. పాకుతుంటే రేణు పక్క లేన్‌లోవాణ్ని అచ్చ తెలుగులో తిట్టింది, వాడు అద్దంలోంచి నవ్వి దారిచ్చాడు. పార్కింగ్‌లోంచి స్టేషన్ దాకా పరిగెత్తారు, మంచులో హైమ ఎడమ బూటు జారింది, రేణు భుజం పట్టుకుని లాగింది, పడితే కాలు విరుగుతుందేమో అన్న భయం రాలేదు, విరిగినా డాక్టర్ వేషం కుంటుతూ వెయ్యొచ్చు, అందులో తప్పేముంది అనుకుంది, అనుకున్నందుకు తనకే నవ్వొచ్చింది, నవ్వితే చల్లగాలి పళ్లకి తగిలి జివ్వుమంది, మెట్లు దిగుతుంటే రైలు వస్తూ ఉంది, వస్తూ ఉంది, తలుపులు తెరుచుకున్నాయి, వెచ్చటి గాలి, తడి ఉన్ని వాసన, ఎవరిదో కాఫీ వాసన, కూర్చోలేకపోయింది, కడ్డీ పట్టుకుని నిలబడింది, కాళ్లు కింద ఆడుతున్నాయి, రైలు ఊగుతోందో తనే ఊగుతోందో తెలియలేదు.

"పద, మొదటి అంకం చివరి సీను చెప్పు. నేను ఆపరేటర్ని" అంది రేణు, ఫోన్లో నాటకం తెరిచి పట్టుకుని. "ఈ అదితి తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో రాసింది, చదవలేక చస్తున్నా. ట్రంక్‌కాల్. యువర్ కాల్ టు ఇండియా ఈజ్ త్రూ. స్పీక్ అప్ ప్లీజ్."

ట్రంక్‌కాల్ సీను. హైమ ఇంతసేపూ దానికి దూరదూరంగా తిరుగుతోంది, నోట్లో మొదటి సీను చెప్పుకుంది, మూడో సీను చెప్పుకుంది, దాని దగ్గరకి మాత్రం వెళ్లలేదు. మొదటి అంకం అక్కడే ముగుస్తుంది. ఆ డాక్టరు పొద్దుటినించీ ఒక గని కార్మికుడి కొడుకుని బతికించాలని చూస్తుంది, బతకడు. ఇంటికొస్తుంది. ఎప్పుడో బుక్ చేసుకున్న ట్రంక్‌కాల్ అప్పుడే కలుస్తుంది, అవతల అమ్మ. అప్పటిదాకా ఇంగ్లీషులో నడిచిన నాటకం అక్కడ ఒక్కసారిగా తెలుగైపోతుంది, వెనక గోడ మీద ఇంగ్లీషు అక్షరాలు పడుతుంటాయి. ఇషా ఆ సీను చేస్తుంటే హైమ రోజూ పక్కనించి చూసేది. రిసీవర్ని రెండు చేతులతో పట్టుకుని, గోడకి ఆనుకుని, గుసగుసగా, అమ్మా, వినపడుతోందా, అంటుంది ఇషా, హాల్లో ముక్కులు చీదుకోవడం వినిపిస్తుంది. ఎంత బాగా చేస్తుందో. మరి తను? తను ముప్ఫై ఏళ్లుగా ప్రపంచమంతా నవ్వించింది సరిగ్గా ఈ సీనుతోనే. చెవి దగ్గర పిడికిలి, పైకప్పు అదిరే హలో, అదే తన పేరు, అదే తన బువ్వ, ఇంటర్నెట్లో పెడితే ఆస్ట్రేలియా తెలుగువాళ్లు కూడా చూసి వాళ్ల అమ్మలకి పంపించుకున్నారు. ఆ చేత్తో రిసీవర్ పట్టుకుంటే, ఆ నోటితో హలో అంటే, ఎట్లా వస్తుంది గుసగుస?

"అమ్మా, వినపడుతోందా" అంది మెల్లిగా, ఇషా లాగా.

రేణు ఫోన్లోంచి తలెత్తింది. "ఏంటక్కా ఆ పిల్లికూత? ట్రంక్‌కాల్ ఎవరన్నా అట్లా మాట్లాడతారా? మా నాన్న దోహా నించి చేస్తే మా వీధి చివర కిళ్లీ కొట్టువాడికి కూడా తెలిసేది మాకేం తెస్తున్నాడో."

రైలు ఒక స్టేషన్లో ఆగింది, ఎవరో ఎక్కారు, ఎవరో దిగారు, హైమకి అవేవీ కనపడలేదు, బార్న్‌స్లీ ఇంట్లో మెట్ల మీద కూర్చుని ఉంది, నాలుగో మెట్టో అయిదోదో, కటకటాల మధ్య మొహం పెట్టి, కింద హాల్లో గోడకున్న నల్ల ఫోను దగ్గర అమ్మ. తెనాలిలో అమ్మమ్మని ఫోనున్న ఎదురింటికి పిలిపిస్తారు, అమ్మమ్మ రొప్పుతూ వస్తుంది, ఇక్కడ అమ్మ మొదలుపెడుతుంది, హలో! హలో! నేనే! బాగున్నాం! అందరం బాగున్నాం! చలి లేదు! లేదమ్మా, చలి అస్సలు లేదు! రెండు స్వెట్టర్లు వేసుకుని, శాలువా కప్పుకుని, ముక్కు ఎర్రగా, చలి లేదు! పక్కింటి కుక్క ఆ హలో వినగానే తననే పిలుస్తున్నారనుకుని తోకాడించుకుంటూ పెరటి తలుపు దగ్గరికి వచ్చేది. కుక్కని కూడా తను స్టేజి మీద చేసింది. మొదటిసారి అమ్మ ఆట చూడటానికొచ్చి ముందు వరసలో చేతిసంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది, చుట్టూ జనం పడి పడి నవ్వుతుంటే తను ఒక్కతీ కళ్లు చిట్లించి పరీక్ష పేపరు దిద్దుతున్నట్టు చూసింది, అయిపోయాక హాలంతా వినపడేలా "నేనంత మెల్లిగా మాట్లాడను" అంది, ఆ రోజు అన్నిటికన్నా పెద్ద నవ్వు ఆ మాటకే వచ్చింది. అమ్మ పోయి ఆరేళ్లవుతోంది. ఆసుపత్రిలో కూడా నర్సుకి డోసు చెప్పింది.

ఒక ఆదివారం మాత్రం కుక్క రాలేదు. ఎందుకు గుర్తొచ్చింది ఇది, ఎప్పుడూ రాలేదే, ఏ స్టేజి మీదా వాడుకోలేదే, వాడుకోవడానికి అందులో ఏముందని, కుక్క గడప దాటనంత మంచు, ఇట్లాగే, అమ్మ వార్డు నించి వచ్చింది, కోటు విప్పలేదు, బూట్ల నించి నీళ్లు కారి చాప తడుస్తోంది, ఫోన్ మోగింది, అమ్మ ఎత్తింది. హలో! నేనే! బాగున్నాం! అదే గొంతు, అదే అరుపు, అందరం బాగున్నాం! ఒక చేతిలో రిసీవర్, రెండో చెయ్యి మాత్రం గోడకాగితం అంచు పట్టుకుని పీకుతోంది, కొంచెం కొంచెం, పువ్వుల డిజైను పొడుగ్గా చిరిగి కిందికి వేలాడింది, చలి లేదమ్మా! ఫోను పెట్టేశాక కూడా అమ్మ అటే తిరిగి నిలబడింది. మర్నాడు బడిలో తెలిసింది, రెండు వీధుల అవతల పిల్లాడు, తనతో పాటు చదివేవాడి తమ్ముడు, అమ్మ వార్డులో పోయాడని. ఆ ఫోన్లో అమ్మ అది అమ్మమ్మకి చెప్పాలనుకుంది. చెప్పాలంటే అరవాలి. ఆ మాటని అరిచి చెప్పాలి, సముద్రాల అవతలికి, ఎదురింటివాళ్లంతా చుట్టూ నిలబడి వింటుంటే, ఇక్కడ పక్కింటి గోడకి వినపడుతుంటే. అరవలేకపోయింది. చలి లేదు అని మాత్రం అరిచింది.

"రేణూ" అంది హైమ. "అరవాలే. అదీ సీను. గుసగుసగా చెప్పుకోవాల్సిన మాట, అరిచి చెప్పాలి. మా అమ్మ అరవలేకపోయింది, ఈ డాక్టరు అరుస్తుంది."

"నేను చెప్పింది అదేగా" అంది రేణు. కాదు, రేణు చెప్పింది వేరు, కానీ అదే, హైమ ఆ రైల్లోనే మెల్లిగా మొదలుపెట్టి పెంచుకుంటూ పోయింది, అమ్మా, వినపడుతోందా, ఇంకాస్త పెద్దగా, అమ్మా, వినపడుతోందా, కాఫీ తాగుతున్నాయన వెనక్కి తిరిగాడు, హెడ్‌ఫోన్లు పెట్టుకున్న అమ్మాయి ఒక చెవిది తీసింది, రేణు నవ్వుతూ అందరికీ "షీ ఈజ్ ఏన్ యాక్టర్, షీ ఈజ్ ఏన్ యాక్టర్" అని చెప్తోంది, దొరికింది, దొరికింది, ఈ రైలు ఇంకొంచెం తొందరగా పోకూడదా, దిగాల్సిన లోగన్ స్క్వేర్ ఇంకెంత దూరం.

థియేటర్ వెనక తలుపు దగ్గర అదితి ఎదురుచూస్తోంది, కోటు కూడా లేకుండా మంచులో. ఆంటీ వేషం ఇవాళ తనే వేస్తోందట, కాగితాలు చేతిలో పెట్టుకుని, ఆ చీర రేణు కట్టాల్సి వచ్చింది. ఒక పక్క కెల్లీ హైమ వీపు మీద ఇషా కోటుకి పిన్నీసులు పెడుతోంది, ఇషా సన్నం, ఒక పక్క ఎవరో జుట్టు ముడేస్తున్నారు, కెల్లీ సూదులు నోట్లో పెట్టుకునే చెప్తోంది, హాలు నిండింది, సబర్బ్‌ల నించి రెండు బస్సుల్లో రిటైరయిన తెలుగు డాక్టర్లూ వాళ్ల కుటుంబాలూ వచ్చారు, మంచులో కూడా వచ్చారు. అదితి వచ్చి ఎదురుగా నిలబడింది.

"హైమ ఆంటీ, ప్లీజ్. ట్రంక్‌కాల్ సీన్‌లో మీ హలో కామెడీ బిట్ చెయ్యకండి. ఐ లవ్ ద బిట్. మా మామ్ మీ వీడియోస్ అన్నీ చూసింది. కానీ అక్కడ వాళ్లు లాఫ్ చేస్తే నా ప్లే అయిపోతుంది."

"అరుస్తానమ్మా" అంది హైమ.

"ఆంటీ!"

"ట్రంక్‌కాల్‌లో అరవకపోతే అవతలివాళ్లకి వినపడదు. మొదట నవ్వుతారు. నవ్వనీ."

"తర్వాత నవ్వు ఆగకపోతే?"

ఆగకపోతే ఆగదు. ఆ పిల్ల కళ్లల్లో నాలుగేళ్ల పని ఉంది, ఎన్నో థియేటర్లు వద్దన్న నాటకం, ఇక్కడికి వచ్చి నిలబడింది, ఇవాళ బస్సుల్లో వచ్చినవాళ్లు ఎవరి కథ రాసిందో వాళ్లే. హైమ ఆ పిల్ల రెండు చేతులూ పట్టుకుంది, మంచుగడ్డల్లా ఉన్నాయి. "నేను మా అమ్మ పిల్లని, అదితీ. ఆ గొంతు నాకొక్కదానికే వచ్చు. నన్ను అరవనివ్వు." అదితి చీర కుచ్చిళ్లు రెండు చేతులతో పట్టుకుని వెళ్లిపోయింది, కెల్లీ "ప్లేసెస్" అని అందర్నీ వాళ్ల చోట్లకి పంపింది, దీపాలు ఆరాయి.

వెలుగు. ఎంత వేడిగా ఉంది ఈ వెలుగు. గుడ్ మార్నింగ్, నేను కొత్త డాక్టర్ని. ఎక్కడో ఒక చిన్న నవ్వు, చుట్టాల నవ్వు, మాకు తెలుసమ్మా అన్నట్టు. నర్సుని కాదు. పెద్ద నవ్వు. ఇది ఉండాల్సిన నవ్వే, తీసుకుంది, దాన్ని దాటి నడిచింది, స్టెతస్కోపు ఏ జేబులోనో మర్చిపోయింది, రెండు జేబులూ తడుముకుంది, అది కూడా వేషంలో కలిసిపోయింది, అరగంటసేపు తన కాళ్లు ఎక్కడికి పోవాలో కాళ్లకే తెలుసు, ఎన్ని వేషాలు వేసిన కాళ్లు ఇవి, ఆవు కాళ్లు, శవం పక్కన నిలబడ్డ కాళ్లు, ఓడ ఊగుతుంటే నిలదొక్కుకున్న కాళ్లు, అన్నీ ఈ ఒక్క స్టేజి మీదికి వచ్చినట్టుంది, పిల్లాడి తండ్రి వేషం వేసినాయన ఎదురుగా టోపీ చేతుల్లో నలుపుతూ నిలబడ్డాడు, ఆయనకి చెప్పింది, ఇంగ్లీషులో, మెల్లిగా, ఐ యామ్ సారీ. ఇల్లు. కోటు విప్పకూడదు. ఇషా విప్పుతుంది, తను విప్పలేదు. ఫోన్ మోగింది.

"హలో!"

పైకప్పు అదిరింది. నవ్వారు. హాలు హాలంతా, ముందు వరసనించి వెనక వరసదాకా, ఆ నవ్వు హైమకి తన ఇంటి తలుపు చప్పుడంత తెలుసు, వాళ్లంతా ఇట్లా అరిచినవాళ్లే, అరిచినవాళ్ల పిల్లలే, ఒళ్లు మొత్తం ఆ నవ్వు వైపుకి వంగిపోతోంది, ఇప్పుడొక్క క్షణం ఆగి కనుబొమ్మ ఎగరేస్తే రెట్టింపవుతుంది, ఆగలేదు, ఎగరెయ్యలేదు, "హలో! అమ్మా! నేనే!" ఇంకా నవ్వు, పక్కన తెరచాటున తెల్లగా అదితి మొహం, అరచెయ్యి నోటికడ్డం, "బాగున్నాను! నేను బాగానే ఉన్నాను!" నవ్వు. చెయ్యి గోడ మీదికి పోయింది, గోడ అంటే చెక్కకి అంటించిన కాగితం, వేళ్లకి దాని అంచు దొరికింది, పీకింది, మైకులో ఆ చిరుగు చప్పుడు వినపడింది, ఇది నాటకంలో లేదు, నవ్వు కాస్త తగ్గింది, ఎటు పోవాలో తెలియనట్టు అక్కడే నిలబడింది. ఇంక తర్వాతి మాట. గొంతు ఎంత తెరవగలదో అంతా తెరిచి, చీకట్లోకి, సముద్రాల అవతలికి, "అమ్మా! వినపడుతోందా?"

"వినపడుతోందమ్మా. చెప్పు."

నాటకంలో అమ్మకి మాటలు లేవు. ఆ గొంతు హాల్లోంచి వచ్చింది. ఎక్కడో మధ్య వరసలోంచి, ముసలి గొంతు, ఆడగొంతు, తను ఎక్కడుందో మర్చిపోయిన గొంతు, పక్కనెవరో ష్ అంటున్నారు. ముప్ఫై ఏళ్లు. ముప్ఫై ఏళ్లలో హాల్లోంచి ఎవరు ఏమన్నా హైమ వదల్లేదు, తాగినవాణ్ని వదల్లేదు, తెలివైనవాణ్ని వదల్లేదు, జవాబులు నాలుక చివర వరసగా వచ్చి నిలబడతాయి, ఇప్పుడూ వచ్చాయి, బ్రహ్మాండమైనవి, వేస్తే పైకప్పు లేచిపోతుంది. అన్నిటినీ మింగింది. గొంతు వచ్చిన వైపుకి తిరిగింది. చీకట్లో ఏమీ కనపడలేదు, చెప్పమన్నది ఎవరో, చెప్పమన్నారు, అంతే చాలు, రిసీవర్ చెవికి నొక్కుకుని అరిచింది.

"ఇవాళ ఒక పిల్లాడు పోయాడమ్మా! నా చేతుల్లో పోయాడు! ఆరేళ్లు! నేను అన్నీ చేశానమ్మా, అన్నీ చేశాను! పోయాడు!"

ఎవరూ నవ్వలేదు. గోడ మీద ఇంగ్లీషు అక్షరాలు ఆలస్యంగా వచ్చాయి, వాటిని ఎవరూ చూడలేదేమో, ఆ అరుపు ఏ భాషలో ఉన్నా అదే. "చలిగా ఉందమ్మా ఇక్కడ! చాలా చలిగా ఉంది!" ఇది అదితి రాసింది కాదు, ఎట్లా వచ్చిందో వచ్చేసింది, అరుస్తూనే ఉంది, మొహం తడిసిపోయింది, గొంతు బొంగురుపోయింది, ఒళ్లంతా పైకి ఎగిరిపోతున్నట్టుంది, ఇంత బాధలో ఇంత ఆనందమేమిటి, స్పీకర్లోంచి ఆపరేటర్ రికార్డు గొంతు వచ్చింది, యువర్ టైమ్ ఈజ్ ఓవర్, టక్కున లైను తెగింది, దీపాలు ఆరిపోయాయి.

చీకట్లో చప్పట్లు లేవు, ఇంకా రాలేదు, ఎవరికీ చేతులు లేవలేదు. హైమ రిసీవర్ పట్టుకుని నిలబడి ఉంది. అప్పుడు మధ్య వరసలోంచి అదే ముసలి గొంతు, ఈసారి కోపంగా, పక్కవాళ్లతో అంటోంది.

"అప్పుడే కట్ చేశారేంటి? ఆ పిల్ల ఇంకా మాట్లాడుతోందిగా!"